జన్యువు, కర్మ, మొదటి శీలం





పోయిన వర్షావాసంలో ఒక ఆదివారం గోదావరిఖని దగ్గర ఒక బస్తీలో వందన చేసుకున్నం. త్రిశరణం, పంచశీల చెప్పుకున్నం, 22 ప్రతిజ్ఞలు చదువుకున్నం, చాయ తాగినం. అందరూ లేచి పోతుంటే ఒక చెల్లె మాత్రం చాప మీదనే కూసున్నది. ఆమె భర్త బొగ్గు బాయిలో కాంట్రాక్టు పని చేస్తడు. పెద్ద కొడుకుకు తొమ్మిదేండ్లు. ఆ పిలగానికి తలసీమియా. మూడు వారాలకోసారి కరీంనగర్ తీస్కపోయి రక్తం ఎక్కిస్తరు. ఇప్పుడామె మళ్ళీ కడుపుతోని ఉన్నది, నాలుగో నెల. హైదరాబాద్‌ల పరీక్ష చేయిస్తే లోపలి బిడ్డకు కూడా అదే జబ్బు ఉన్నదని రిపోర్టు వచ్చింది.

"అన్నా, పాణాతిపాతం చెయ్యనని ఇప్పుడే చెప్పినం గద. మరి నేను ఈ కడుపు తీయించుకుంటె శీలం తప్పినట్టేనా?" అని అడిగింది.

ఇరవై ఏండ్ల నుంచి స్టేజీల మీద మాట్లాడుతున్న. ఆ రోజు మాత్రం నోట్లె మాట రాలేదు. రెండు రోజులు టైం ఇయ్యి చెల్లె అన్న. నేను బి.ఏ. చదివినోన్ని, సైన్స్ నా సబ్జెక్టు గాదు. తెలిసిన డాక్టర్లను అడిగిన, పుస్తకాలు తిరగేసిన, బాబాసాహెబ్ రాసిన 'బుద్ధుడు – ఆయన ధమ్మం' మళ్ళొకసారి ముందల పెట్టుకున్న. ఈ చిన్న పుస్తకంలో ఉన్నది ఆ రెండు రోజుల్లో మొదలైన ఆలోచనే.

ముందు జబ్బు సంగతి. మన రక్తంలో ఊపిరిని మోసేది హిమోగ్లోబిన్. దాంట్లో ఒక భాగాన్ని తయారుచేసే జన్యువు ప్రతి మనిషికి రెండు ప్రతులుగా ఉంటది. ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తది. ఒక ప్రతి పాడై, ఇంకొకటి మంచిగుంటే మనిషికి ఏ తక్లీఫ్ ఉండదు. పొలం పని చేస్తడు, బాయిలకు దిగుతడు. అసొంటోల్లను వాహకులు అంటరు. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే పుట్టే బిడ్డకు రెండు పాడైన ప్రతులు వచ్చే అవకాశం 25 శాతం. ఒకటే వచ్చేది 50 శాతం, ఏదీ రాకపోయేది 25 శాతం. ఇక్కడ చాలామంది పొరపాటు పడుతరు. మొదటి పిలగానికి జబ్బొచ్చింది గనుక తర్వాతి ముగ్గురు మంచిగుంటరు అనుకుంటరు. అట్ల గాదు. ప్రతి కాన్పుకు లెక్క మళ్ళీ మొదటి నుంచే. ఈ చెల్లెకు కూడా ఎవరో అదే చెప్పి ధైర్యం ఇచ్చిండ్రట.

వాళ్ళది మేనరికం. మొగని తల్లి, ఈమె తండ్రి తోడబుట్టినోళ్ళు. అంటే తాతకో నాయనమ్మకో ఉన్న ఒక్క పాడైన ప్రతి కొడుకుకూ వచ్చింది, బిడ్డకూ వచ్చింది. వాళ్ళిద్దరి నుంచి మనుమనికీ మనుమరాలికీ దిగింది. ఆ ఇద్దరికీ మళ్ళీ పెండ్లి చేసిండ్రు. దీంట్ల ఎవరి పాపమూ లేదు. కానీ ఇంట్లో అత్త, అంటే ఆమె సొంత మేనత్తే, "పోయిన జన్మల ఏం జేసినవో" అన్నదట. అంతకన్నా బాధ ఏందంటే, మన ధమ్మ మిత్రుడొకాయన "ఇంట్ల ఇంకా పాత దేవుళ్ళ పటాలు ఉంచుకున్నరు, అందుకే" అన్నడట. అంటే మనం కర్మను ఇంటి ముందు తలుపు నుంచి తోలి, వెనుక తలుపు నుంచి పిలుస్తున్నం.

ఈ మాటకు జవాబు తథాగతుడే ఇచ్చి ఉన్నడు. మోళియ సీవకుడనే పరివ్రాజకుడు వచ్చి, మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పాత కర్మ వల్లనేనని కొందరంటున్నరు, మీరేమంటరు అని అడుగుతడు. బుద్ధుడు పిత్తం, శ్లేష్మం, వాతం, మూడూ కలిసి, రుతువుల మార్పు, జాగ్రత్త లేకపోవడం, పైనుంచి తగిలే దెబ్బ అని కారణాలు చెప్పుకుంటపోయి, ఎనిమిదోదిగా కర్మఫలాన్ని పెట్టిండు. అన్నిటికీ పాత కర్మే కారణమనేటోళ్ళు కండ్లకు కనపడే నిజాన్ని దాటిపోతున్నరు అన్నడు. ఆ కాలపు వైద్యానికి తెలిసినన్ని కారణాలు ఆయన చెప్పిండు. ఇయ్యాల ఉంటే ఆ వరుసలో జన్యువు పేరు కూడా చెప్పేటోడని నా నమ్మకం. బాబాసాహెబ్ ఇంకొక అడుగు ముందుకు పోయిండు. బిడ్డకు గుణాలు తల్లిదండ్రుల నుంచి వస్తయని సైన్స్ చెప్తుంటే, పోయిన జన్మ కర్మ నుంచి వస్తయనే మాట ఎట్ల నిలబడ్తదని తన పుస్తకంలో వాదించిండు. ఆ పుస్తకం ఆయన పరినిబ్బానం తర్వాత 1957లో వచ్చింది. డి.ఎన్.ఏ. నిర్మాణం ఇట్లుంటదని తెలిసింది 1953లోనే. సికిల్ సెల్ జబ్బులో హిమోగ్లోబిన్ ఒక్క చోట మారితే చాలని ఇంగ్లండ్‌లో వెర్నన్ ఇంగ్రామ్ తేల్చింది 1956–57లో. నాగ్‌పూర్ దీక్ష జరిగిన కాలమే అది.

అయితే జన్యువును కొత్త తలరాతగా చేసుకునే ప్రమాదం కూడా ఉన్నది. "రక్తంలనే ఉన్నది, ఏం జేస్తం" అనే మాట బ్రహ్మరాతకు చుట్టమే. డెబ్బై ఏండ్ల కింద తలసీమియా పిల్లలు చిన్నతనంలోనే చనిపోయేటోళ్ళు. ఇప్పుడు అదే జన్యువుతో, సమయానికి రక్తం, ఒంట్ల పేరుకుపోయే ఐరన్‌ను తీసే మందులు ఉంటే పెద్దవాళ్ళై కాలేజీలకు పోతున్నరు, ఉద్యోగాలు చేస్తున్నరు. జన్యువు మారలేదు, చుట్టూ ఉన్న కారణాలు మారినయి. పటిచ్చసముప్పాదం అంటే ఇదే గద. ఇంకొకటి కూడా చెప్పాలె. ఆదిలాబాద్ అడవుల్లో గోండు, కొలాం గూడేల్లో కనపడే సికిల్ సెల్ జన్యువు ఒక ప్రతి మాత్రమే ఉంటే, మనిషిని మలేరియాతో చచ్చిపోకుండ కాపాడుతది. 1954లో ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో దీన్ని చూపించిండు. అందుకే మలేరియా ఉన్న చోటనే ఈ జన్యువు ఎక్కువగా నిలిచింది. ఒకటి ఉంటే రక్ష, రెండు ఉంటే రోగం. దాన్ని "చెడ్డ రక్తం" అని ఎట్లంటం?

ఇప్పుడు మనకు నచ్చని మాట ఒకటి. మనం దీక్ష తీసుకున్నం గానీ సంబంధాలు మాత్రం అత్త బిడ్డకు, మేనమామకే చూస్తున్నం. భూమి లేనోళ్ళం, ఆస్తి బయటికి పోతదనే భయం కూడా మనకు లేదు. ఐనా అలవాటు. మేనరికం దాటితే కులం లోపలనే. మాల, మాదిగ ఇండ్ల నడుమ పెద్దపల్లి జిల్లాలో ఎన్ని పెండ్లిళ్ళు జరిగినయో మనసు మీద చెయ్యి పెట్టుకొని లెక్క పెట్టుకోండి. నా చేతి మీదుగా జరిగినవి లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు.

ఈ సంగతి మీద హైదరాబాద్ సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికాలో డేవిడ్ రైక్ వాళ్ళు కలిసి పెద్ద పని చేసిండ్రు. ఈ దేశంలో దాదాపు అన్ని సమూహాలూ పాత కాలంలో కలిసిపోయినవేనని 2009లో చూపించిండ్రు. ఆ కలయిక సుమారు 4,200 ఏండ్ల కింద నుంచి 1,900 ఏండ్ల కింద దాకా నడిచిందని, ఆ తర్వాత ఎవరికి వారు లోపలనే పెండ్లిళ్ళు చేసుకుంటా బిగుసుకుపోయిండ్రని 2013లో తేల్చిండ్రు. అంటే ఎన్నో తరాలు ఇక్కడి మనుషులు కలిసి బతికిండ్రు, తర్వాత తలుపులు మూసుకున్నరు. 2017లో ఇంకో పరిశోధన వచ్చింది. 81 సమూహాల్లో ఈ మూసుకుపోవడం ఎంత గట్టిగ ఉన్నదంటే, ప్రపంచంలో దీనికి పేరుపడ్డ అష్కెనాజీ యూదులకన్నా, ఫిన్లాండ్ వాళ్ళకన్నా ఎక్కువ. మన తెలుగు ప్రాంతపు వైశ్యుల్లో ఆపరేషన్ టైంలో కండరాలు సడలించడానికి ఇచ్చే ఒక మందు పడని లక్షణం మామూలుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కనపడ్డది దీని వల్లనే. ఇది వాళ్ళను ఎగతాళి చేసే మాట గాదు. ప్రతి కులానికీ దాని మూసిన తలుపుల వెనుక దాని జబ్బు ఉన్నది, కొన్నింటికి ఇంకా పేరు పెట్టలేదు అంతే.

1916 మే 9న కొలంబియా యూనివర్సిటీలో 25 ఏండ్ల యువకుడు ఒక వ్యాసం చదివిండు. కులానికి ప్రాణం ఎక్కడున్నదంటే లోపలి పెండ్లిలో ఉన్నదని చెప్పిండు. రక్తపరీక్షలు లేవు, డి.ఎన్.ఏ. లేదు. ఆచారాలు చూసి, తర్కంతో చెప్పిండు. నూరేండ్ల తర్వాత లాబొరేటరీ అదే జాగకు వచ్చింది.

మనోళ్ళు ఇక్కడ గట్టిగ చప్పట్లు కొడుతరు, నేను కూడా కొట్టిన. కానీ ఒక్క నిమిషం ఆగుదాం. కులాంతర వివాహం జబ్బులు రాకుండ చేస్తది, గనుక కులం పోవాలె అని మనం ప్రచారం చేస్తే, రేపు ఎవడో లేచి "పరీక్షలు చేయించుకుంటం, కులంలనే చేసుకుంటం" అంటే ఏం జవాబు చెప్తం? ఇది ఊహ కూడా గాదు. న్యూయార్క్‌లో సంప్రదాయ యూదులు 1980లల్ల 'దోర్ యెషోరిం' అనే పద్ధతి పెట్టుకున్నరు. పిల్లలకు రక్తపరీక్ష చేసి ఒక నంబరు ఇస్తరు. సంబంధం అనుకున్నప్పుడు రెండు నంబర్లు చెప్తే కుదురుతదా లేదా అనేది మాత్రం చెప్తరు. పిల్లలు జబ్బు నుంచి బయటపడ్డరు, మంచిదే. లోపలి పెండ్లి మాత్రం చెక్కుచెదరకుండ ఉన్నది. సైన్స్ కులానికి మందుగా పనిచేస్తది, కులానికి సేవ కూడా చేస్తది. కాబట్టి కులనిర్మూలనకు మన కారణం జబ్బు గాదు. మనిషిని మనిషిగా చూడకపోవడం తప్పు, అది పిల్లలు ఎంత ఆరోగ్యంగా పుట్టినా తప్పే.

ఇదే వరుసలో ఇంకొక మాట, కొందరికి కోపం వస్తది. 2001లో అమెరికాకు చెందిన బంషాద్ వాళ్ళు మన ఆంధ్ర కులాల నమూనాలతోనే ఒక పరిశోధన చేసి, పై కులాల్లో యూరప్ వైపు పోలికలు ఎక్కువ అన్నరు. అప్పటి నుంచి మన మీటింగుల్లో "వాళ్ళ డి.ఎన్.ఏ. వేరు, మన డి.ఎన్.ఏ. వేరు" అనే ఉపన్యాసం వింటనే ఉన్నం. పాళ్ళు కొంచెం ఎక్కువ తక్కువ ఉండొచ్చు, తర్వాతి పరిశోధనల్లో కూడా ఆ తేడా కనపడ్డది. కానీ అందరం కలిసినోళ్ళమే అని కూడా అవే చెప్తున్నయి. బాబాసాహెబ్ 1936లోనే, కులం వంశశుద్ధి కోసం అనేటోళ్ళకు జవాబిస్తూ, పంజాబ్ బ్రాహ్మణుడూ పంజాబ్ చమారూ ఒక్క మూలం నుంచి వచ్చినోళ్ళే అన్నడు. వాసెట్ఠ సుత్తంలో బుద్ధుడు చెప్పింది కూడా అదే దారి. చెట్లకు, పక్షులకు, చేపలకు పుట్టుకతో జాతి గుర్తులు వేరువేరుగా ఉంటయి, మనుషుల్లో అసొంటి గుర్తు లేదు అని కండ్లు, చెవులు, చేతులు ఒక్కొక్కటిగా చూపించిండు. మన గౌరవాన్ని డి.ఎన్.ఏ. రిపోర్టు మీద నిలబెడితే, రేపు ఇంకో రిపోర్టు దాన్ని కూలగొడ్తది.

సరే, చెల్లె ప్రశ్నకు వద్దాం. నేను తప్పించుకుంటున్న అనుకోకండి.

వినయపిటకం చూస్తే, గర్భం పోవడానికి భిక్షువు మందు ఇస్తే అది పారాజికం, ఆయన సంఘంలో ఉండనీకి లేదు. ఈ సంగతి దాచిపెట్టి, ధమ్మం అన్నిటికీ ఒప్పుకుంటది అని చెప్పడం మోసం. కడుపులో ఉన్నది ప్రాణమే. కానీ ఆ నియమం భిక్షువులకు పెట్టింది. గృహస్థులు తీసుకునే శీలం ఆజ్ఞ గాదు, నేను ఈ శిక్షణ తీసుకుంటున్న అనే మాట. అహింసను బుద్ధుడు రూల్‌గా పెట్టలేదు, సూత్రంగా పెట్టిండని బాబాసాహెబ్ విడమరిచి రాసిండు. రూల్ అయితే పాటిస్తవు, లేకపోతే తప్పుతవు, అంతే. సూత్రం అయితే ప్రతి చోట నీ బుద్ధిని వాడాలె. చంపాలనే కోరిక వేరు, అవసరం వేరు అని ఆయన గీత గీసిండు. కర్మ అంటే చేతనే అని తథాగతుని మాట.

నేను ఆ చెల్లెను అడిగింది ఒక్కటే. "నువ్వు ఎవరి కోసం ఆలోచిస్తున్నవు?" ఆమె చాలసేపు ఊకున్నది. తర్వాత, పెద్దోని చేతులు సూదులతోని గట్టిపడ్డయన్నా, నరం దొరకదు, వాడు ఏడ్వడం కూడా మానేసిండు, ఇంకొకరిని అట్ల చూడలేను అన్నది. అది చంపాలనే కోరిక గాదు. ఆ నొప్పిని దగ్గరుండి చూసినోళ్ళ కరుణ అది. అదే మాటల్లో ఇంకోటి కూడా దొర్లింది. ఇద్దరిని కరీంనగర్ తిప్పితె ఆయన డ్యూటీ పోతది, జీతం కట్ అయితది అన్నది. దీని దగ్గర నేను ఆగిపోయిన. బిడ్డ నొప్పి చూసి తీసుకునే నిర్ణయం ఆమెది. బస్సు కిరాయి, పోయిన కూలి, దొరకని రక్తం చూసి తీసుకునే నిర్ణయం ఆమెది గాదు, మనందరిదీ, సర్కారుదీ. ఆ రెండో భాగంలో ఉన్న హింసను ఆమె ఒక్కదాని శీలం లెక్కలో రాయడం అన్యాయం.

చట్టం సంగతి అడిగేటోళ్ళకు: గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. బిడ్డకు తీవ్రమైన లోపం ఉన్నదని మెడికల్ బోర్డు తేలిస్తే 24 వారాలు దాటినా చేయొచ్చు. ఎంత తొందరగ పరీక్ష అయితే తల్లి ఒంటికి అంత మంచిది. ఇంకా మంచిది పెండ్లికి ముందే, లేకపోతే కడుపు నిలిచిన కొత్తలోనే భార్యాభర్తలు హెచ్.బి.ఏ.2 రక్తపరీక్ష చేయించుకోవడం.

రెండు రోజుల తర్వాత వాళ్ళింటికి పోయిన. పెద్దోడు హోంవర్క్ చేసుకుంటున్నడు. నేను బండి తీస్తుంటే బయటికి వచ్చి మెల్లగ అడిగిండు. "మామా, నేను కడుపుల ఉన్నప్పుడు ఈ పరీక్ష చేస్తె, నేను గూడ పుట్టకపోదునా?"

గోడలకు చెవులుంటయంటరు, పిల్లలకు ఇంకా ఎక్కువుంటయి. వాడు అన్నీ విన్నడు. నేను వాని భుజం మీద చెయ్యేసి, నువ్వున్నవు గద బిడ్డా, నువ్వున్నందుకే మీ అమ్మ ఇంత ఆలోచిస్తున్నది అన్న. అది పూర్తి జవాబు గాదని నాకు తెలుసు, వానికి కూడా తెలుసు. కానీ ఆ ప్రశ్న నాకు ఒకటి నేర్పింది. ఒక తల్లి రాబోయే నొప్పిని వద్దనుకోవడం ఒకటి. "అసొంటి పిల్లలు పుట్టొద్దు" అని బస్తీ, సర్కారు, డాక్టరు అనడం ఇంకొకటి. రెండో మాట ఇప్పుడు బతికున్న పిలగాని మీద పడుతది. పుట్టుకను బట్టి మనిషికి విలువ కట్టడం మనకు కొత్త గాదు, మన తాతలు ఆ తక్కెట్ల తూగినోళ్ళే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో తలసీమియా, సికిల్ సెల్, హీమోఫీలియా చేరినయి. 2018లో ఢిల్లీ హైకోర్టు, జన్యు జబ్బు అనే ఒక్క సాకుతో ఇన్సూరెన్స్ ఎగ్గొట్టడం వివక్ష అన్నది. పోరాడితే వచ్చినయి ఇవి. వీటిని వాడుకోవాలె.

సికిల్ సెల్ గురించి కొంచెం చెప్పి ముగిస్త. 2023 జులై 1న కేంద్రం ఒక మిషన్ మొదలుపెట్టింది. 40 ఏండ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్ష చేసి, 2047 నాటికి ఈ జబ్బును లేకుండ చేస్తమన్నది. పరీక్ష మంచిదే. అయితే పరీక్ష తర్వాత ఇచ్చే కార్డులను పెండ్లికి ముందు పక్కపక్కన పెట్టి చూసుకోమంటున్నరు. జాతకాలు మానేసినోళ్ళం, కార్డును జాతకం చేయొద్దు. వాహకురాలైన ఆడపిల్లకు ఏ జబ్బూ లేదు. ఇద్దరూ వాహకులైతేనే ఆలోచించాల్సిన మాట. కానీ మన ఊర్లల్ల కార్డు సంగతి తెలిస్తే సంబంధం ఎవరిది తప్పుతదో, పిలగానిదా పిల్లదా, మీకు వేరే చెప్పక్కరలేదు. ఇంకోటి, రక్తం తీసేటప్పుడు ఎందుకు తీస్తున్నరో, ఎక్కడ పెడుతరో చెప్పించుకోండి. ఖమ్మం జిల్లాలో 2009లో వేలమంది ఆడపిల్లలకు, వాళ్ళల్ల ఆదివాసీ హాస్టల్ పిల్లలకు కూడా, క్యాన్సర్ టీకా పరిశోధన చేసినప్పుడు చాలమందికి తల్లిదండ్రుల జాగల హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిండ్రు. పార్లమెంటు కమిటీయే దాన్ని తప్పు పట్టింది. సంతకం మనది కావాలె, తెలిసి పెట్టాలె.

సికిల్ సెల్‌కు, తలసీమియాకు జన్యువును సవరించే చికిత్స 2023 నవంబర్‌లో బ్రిటన్‌లో మొదటిసారి అనుమతి పొందింది, డిసెంబర్‌లో అమెరికాలో సికిల్ సెల్‌కు అనుమతి వచ్చింది. కత్తెర పట్టినట్టు జన్యువును కోసి సవరించే ఆ పద్ధతి పేరు క్రిస్పర్. ధర అమెరికాలో 22 లక్షల డాలర్లు. జబ్బు ఎక్కువున్నది ఆఫ్రికాలో, మన గూడేల్లో. దీన్ని తక్కువ ధరకు ఇక్కడే తయారుచేయాలని ఢిల్లీలో ఐ.జి.ఐ.బి. శాస్త్రవేత్తలు పనిచేస్తున్నరు. మన జిల్లాలోనే ఎలిగేడు మండలం ధూళికట్టలో రెండువేల ఏండ్ల నాటి స్తూపం ఉన్నది, ఆదివారం పిల్లలను తీస్కపోయి చూపిస్తం. జబ్బుపడ్డ భిక్షువును ఎవరూ పట్టించుకోకుంటే తథాగతుడు తన చేతులతోనే కడిగి, రోగికి చేసిన సేవ నాకు చేసిన సేవే అన్న కథ కూడా అక్కడ చెప్తం. చెప్పి, చాయ తాగి ఇండ్లకు వస్తం.

ఆ చెల్లె ఏం నిర్ణయం తీసుకున్నదని చాలమంది అడుగుతున్నరు. నేను రాయను. అది ఆమెది.

పెద్దోనికి మాత్రం మూడు వారాలకోసారి రక్తం కావాలె, ఏడాదికి 17 సార్లు. మగవాళ్ళు మూడు నెలలకోసారి ఇయ్యొచ్చు. అంటే ఒక్క పిలగానికి కనీసం ఐదుగురు కావాలె. మా విహారంలో ఇప్పటికి ముగ్గురం ఉన్నం. ఈసారి వంతు నాది.